సమస్య: చిట్టెలుకయె మల్లజెట్టి బలము

నిర్వాహకుడు: నిన్న మా మనవడు మోచెయ్యి మడిచి కండ చూపించాడు. చర్మం కింద చిన్న ఉండ పైకి పాకింది, చెయ్యి చాపగానే జారిపోయింది. అప్పుడు తట్టిన పాదం ఇది. పూరణలో ఇంగ్లీషు 'మజిల్' పుట్టుక రావాలి.

కలువకొలను:
మూసు రోము భాష, మూషికము మనది,
ముస్కులుస్సు దాని ముద్దుపేరు,
కండ నిక్క నదియె కదలాడు చర్మాన;
చిట్టెలుకయె మల్లజెట్టి బలము.

పాతపాళీ: రెండో పాదం దగ్గర ఆగిపోయానండీ. లాటిన్‌లో 'ముస్కులుస్' అంటే చిట్టెలుక అని పాఠం చెప్పకుండా 'ముద్దుపేరు'తో తేల్చేశారు. కానీ 'చర్మాన' ఏమిటి? గణం కుదిరింది, భాష జారింది. 'కదలుచుండును లోన' అంటే సరిపోయేది. ఇదిగో నాది, క్రమాలంకారంలో:

గణపు నేది మోయు? గద లెత్తి తొడగొట్టు
నెవఁడు? గెలుపు నేది యిచ్చు నెపుడు?
వరుస నడుగ మూఁడు బదులిత్తు నొక్కట:
చిట్టెలుకయె, మల్లజెట్టి, బలము.

కలువకొలను: సవరణ తీసుకున్నాను. పాదాన్ని మూడు ముక్కలుగా విరవడం నాకు తట్టేది కాదు, నిజంగా అందంగా ఉంది. అయితే 'మజిల్' ఎక్కడండీ? గణపతి వచ్చాడు, రోము రాలేదు. పోయినసారి 'శాలరీ' పూరణలోనూ ఇంతే. రోమన్ సైనికులకు ఉప్పే కొలిచి జీతమిచ్చారని రాశారు. 'శాలరీ'కి మూలమైన లాటిన్ 'సలారియం'లో ఉప్పు ఉన్నమాట నిజమే. ఉప్పే జీతంగా ఇచ్చారనడానికి ఆనాటి రాతల్లో ఆధారం లేదు. అప్పుడూ చెప్పాను.

పాతపాళీ: ఉప్పు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు నా బ-వ యతిని, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్య అక్షరంతో 'బ', 'వ'ల జత కుదర్చడాన్ని కూడా తప్పన్నారు. అది మైత్రే. పై మూడో పాదంలో మళ్లీ అదే వేశాను, చూడండి.

కలువకొలను: చూశాను. అది నా పొరపాటే.

సుధారసం: గ్రీకులో 'మ్యూస్' అంటే ఎలుక, కండ రెండూ. ఆస్పత్రిలో మేం రోజూ రాసే 'మయోకార్డియం' (గుండె కండరం)లో ఉన్నది ఆ ఎలుకే. కలువకొలను గారి మొదటి పాదం నాకు మరీ నచ్చింది. మూస్, మూషికం ఒకదాన్నుంచి ఒకటి అరువు తెచ్చుకున్నవి కావు, ఒక తల్లి బిడ్డలు. 'మనది' అనడంలో ఆ చుట్టరికం వినిపించింది.

నిర్వాహకుడు: నా ఓటు కలువకొలను గారికే, మూడో పాదం సవరణతో. పాతపాళీ గారూ, మీ మూడు ప్రశ్నల్లో ఒకదాన్ని రోము దాకా పంపి మళ్లీ రాయండి. రాత్రికి చూస్తాను.