బట్టమేక పిట్టా, సోలార్ లైన్లా: ఎవరు పక్కకు జరగాలి?

చర్చాంశం: రాజస్థాన్, గుజరాత్‌లలో గడ్డి నేలల్లో బతికే, అంతరించే దశకు చేరిన పెద్ద పక్షులైన బట్టమేక పిట్టలు తిరిగే సుమారు 99 వేల చదరపు కిలోమీటర్లలో సోలార్ కరెంటు వంటివాటిని మోసుకెళ్లేందుకు పైనుంచి లాగే విద్యుత్తు లైన్లపై, పిట్టలు వాటికి తగిలి చనిపోతున్నాయని, 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించింది; 2024 మార్చిలో వాటిని సడలించి, విషయాన్ని నిపుణుల కమిటీకి అప్పగించింది. ఈ సడలింపు సబబేనా?

మొదటి అభిప్రాయం: సబబే. బొగ్గు వాడకం తగ్గకపోతే పెరిగే ఎండలు ఏ ప్రాణినీ వదలవు. ఎండకూ, చవకైన భూమికీ రాజస్థాన్‌లోని థార్ ఎడారిలో కొదవ లేదు. హై వోల్టేజి లైన్లను అంత దూరం భూమిలో వేయడం ఖర్చుతోనూ చిక్కులతోనూ కూడిన పని. మన కర్నూలు సీమలోని రోళ్లపాడులో ఈ పిట్ట కనబడకుండా పోయింది సోలార్ వల్ల కాదు కదా!

రెండో అభిప్రాయం: రోళ్లపాడు మీ వాదనకే అడ్డం తిరుగుతుంది. 1988లో అక్కడ ఈ పిట్ట కోసమే అభయారణ్యం ఏర్పాటు చేశారు. కానీ కాలువ నీళ్లు వచ్చాక చుట్టుపక్కల గడ్డి నేలలూ మెట్ట చేలూ సాగునీటి పొలాలయ్యాయి. ఎల్లలు కాగితం మీద పదిలంగానే ఉన్నాయి, పిట్ట మాత్రం లేదు. రైతుకు నీళ్లు రాకూడదని నేననను. గడ్డి నేలను బంజరు కింద రాసుకున్నంత కాలం ప్రతి పథకానికీ మొదట కనబడేది అదే. మీరన్న చవకైన భూమి సరిగ్గా అదే. నేడు అదే కర్నూలు సీమలో, గని–శకునాల వద్ద, వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది.

ఇక తీగల సంగతి. పదిహేను కిలోల దాకా తూగే ఈ పిట్టకు చూపు పక్కలకే ఎక్కువ. ఎదురుగా ఉన్న తీగ దగ్గరికి వచ్చేదాకా ఆనదు, ఆనినా ఆ బరువుతో చటుక్కున తిరగలేదు. ఏడాదికి సాధారణంగా ఒకటే గుడ్డు పెట్టే, బయట స్వేచ్ఛగా తిరిగేవి దేశం మొత్తంలో సుమారు నూట యాభై మాత్రమే ఉన్న జాతిలో నాలుగు పిట్టలు పోయినా పూడ్చుకోలేని నష్టమే. పిట్టలకు దూరం నుంచే ఆనేలా తీగలకు గుర్తు పలకలు కట్టడం మంచిదే కానీ, అన్ని ప్రమాదాలనూ అవి ఆపలేవు.

99 వేల చదరపు కిలోమీటర్లనూ మూసేయాలని నేనూ కోరను. గుడ్లు పెట్టే నేలలను ముందే గుర్తించి, లైన్ల దారులు ఆ తర్వాతే గీయాలి.

మొదటి అభిప్రాయం: ముందే గుర్తించాలన్న మాట ఒప్పుకుంటాను. అయితే ఇప్పటికే పూర్తయిన పార్కుల లైన్లను ఎవరి ఖర్చుతో మళ్లించాలి? కరెంటు బిల్లు మీద వేస్తే జనం ఊరుకోరు.

రెండో అభిప్రాయం: కంపెనీ, ప్రభుత్వం పంచుకోవాలి. తక్కువ వోల్టేజి ఉండే 33 కేవీ లైన్లతో మొదలుపెడితే భారం తక్కువ. జైసల్మేర్ జిల్లా సమ్, రామ్‌దేవ్‌రా కేంద్రాల్లో గుడ్లు పొదిగించి పిల్లలను పెంచుతున్నది ప్రజాధనంతోనే. తీగలు తొలగించిన నేల లేకపోతే రేపు వాటిని ఎక్కడ వదులుతారు?