చుట్టుకొనే తువ్వాలునే సంచిగా మలచడానికి ఏ బట్ట మేలు?

రుషికొండ తీరంలో సముద్రస్నానం చేశాక మా అమ్మగారు, అక్క తడిబట్టలు మార్చుకోవడానికి వీలుగా, ఒంటికి చుట్టుకొని భుజం మీద గుండీలు పెట్టుకోగలిగేదీ, తిరుగు ప్రయాణంలో అంచున ఉన్న తాడు లాగగానే సంచిగా మారేదీ అయిన తువ్వాలును ఇంట్లోనే కుట్టాలనుకుంటున్నాను. కుట్టుపని తెలిసినవారు, ఇటువంటిది వాడినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

నా ప్రధాన సందేహం బట్ట గురించి. నూలు టర్కీ తువ్వాలు నీటిని బాగా పీల్చుకుంటుంది, ఒంటికి హాయిగా ఉంటుంది. అయితే దాని పోగుల్లో ఇసుక చిక్కుకుంటుంది, తడిస్తే బరువెక్కుతుంది, విశాఖ గాలిలోని తేమకు త్వరగా ఆరదు. మైక్రోఫైబర్ తేలికగా ఉండి తొందరగా ఆరుతుంది గానీ, పలుచని రకమైతే ఒంటికి అంటుకుపోయి మరుగు సరిగా ఉండదేమోనని నా భయం. ఆడవారికి మరుగే ముఖ్యం కనుక ఆ విషయంలో రాజీపడలేను. చదరపు మీటరుకు 300 నుంచి 400 గ్రాముల బరువుండే నూలు బట్ట మధ్యేమార్గం అవుతుందా?

తడి తువ్వాలే సంచి అయినప్పుడు లోపలి ఫోను, పొడిబట్టలు తడవకుండా గొడుగు గుడ్డతో ఒక అర వేస్తే సరిపోతుందా, లేక దానివల్ల తువ్వాలు చుట్టుకోవడానికి బిరుసుగా తయారవుతుందా? కత్తిరించకముందే బట్టను ఉతికి ఆరబెడతాను కాబట్టి కుంచించుకుపోతుందన్న చింత లేదు. ఉప్పునీటికి ఇనుప గుండీలు తుప్పు పడతాయి కనుక ప్లాస్టిక్ టిచ్ బటన్లు వాడదామనుకుంటున్నాను; బరువు మోసేటప్పుడు అవి ఊడిపోకుండా వెనుక ఏ గుడ్డ వేసి కుట్టాలో, పట్టీలను ఎక్కడ బిగించాలో కూడా తెలియజేయగలరు.