అప్‌డేట్: 300బీ ట్యూబ్ ఆంప్ తీసుకున్నాను, గుంయ్‌మనే చప్పుడు కూడా తగ్గింది

నల్గొండలో మా 12 బై 11 గదికి తక్కువలో సింగిల్ ఎండెడ్ ట్రయోడ్ ఆంప్ (గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఒక రకం ఆంప్లిఫయర్) కావాలి, 2ఏ3 ట్యూబుది మంచిదా 300బీ ట్యూబుది మంచిదా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. సెకండ్ హ్యాండ్‌లో 300బీ దొరికింది, తీసేసుకున్నాను. 2ఏ3 మూడున్నర వాట్లే, ఇది సుమారు ఎనిమిది.

అయినా, ఇంత తక్కువ పవర్‌కు తగ్గ స్పీకర్లు ఉండాలని మీరు చెప్పిందే జరిగింది. నా స్పీకర్ల సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో వినిపించే శబ్దం) 86 డీబీయే, వాటిలో మృదంగం అందుకోగానే శబ్దం నలిగిపోయేది. అవి అమ్మేసి 95 డీబీవి తెచ్చాను. ఆ 9 డీబీ తేడా ఎనిమిది రెట్ల పవర్‌తో సమానం మరి. ముందే స్పీకర్లు మార్చి ఉంటే 2ఏ3 కూడా సరిపోయేదేమో!

ఇక హమ్, అదే ఆ గుంయ్‌మనే చప్పుడు. "ట్యూబన్నాక ఆ మాత్రం ఉంటది అన్నా" అన్నాడు అమ్మినాయన. ట్యూబులో వేడెక్కే తీగ, అంటే ఫిలమెంట్‌కు ఏసీ కరెంటు ఇచ్చే ఆంప్ ఇది, ఆ ఏసీయే హమ్‌గా వినిపిస్తుంది. స్పీకర్ టెర్మినళ్లకు మల్టీమీటర్ పెట్టి, హమ్ పాట్‌ను (ఆ చప్పుడు తగ్గించడానికి ఆంప్‌లో ఉండే చిన్న తిప్పుడు కంట్రోల్) వెంట్రుకవాసి తిప్పుతూ పోతే 14 మిల్లీవోల్టులు 3కి దిగాయి.

పాట సిగ్నల్‌ను ముందుకు పంపి డీసీని ఆపే కప్లింగ్ కెపాసిటర్లు రెండిట్లో ఒకటి డీసీని లీక్ చేస్తుంటే రెండూ మార్చాను. ప్లగ్ పీకినా లోపల వందల వోల్టులు నిలిచే ఉంటాయి, డిశ్చార్జ్ చేసి మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టాను.

ట్యూబుల వేడి చూసి మా ఆవిడ దీనికి కుంపటి అని పేరు పెట్టింది. మే నెలలో ఏమంటుందో.