ఎయిర్‌పోర్టు కౌంటర్లలో డాలర్ రేటుకు ప్రభుత్వం పరిమితి పెట్టాలా?

డాలస్ అబ్బాయి:
2024 జూన్ నాటి సంగతి ఇది, కానీ వచ్చే నెల మా అమ్మ ఇండియా వెళ్తోంది కాబట్టి మళ్లీ కడుపు మండి రాస్తున్నా. నాన్న మా దగ్గర ఐదు నెలలుండి తిరిగి వెళ్తుంటే దారి ఖర్చులకని చేతిలో 400 డాలర్లు పెట్టాను. తెల్లవారుజామున మూడింటికి దిగాడు. రీచార్జ్ చేయక ఆయన సిమ్ పోయింది, అంటే ఫోన్‌పే లేదు, ఓటీపీ రాదు. సామాను తోసుకుంటూ బయటికొస్తుంటే కౌంటర్లో కుర్రాడు "అంకుల్, టాక్సీకి రూపాయలు కావాలా" అని పిలిచాడట. ఆ రోజుల్లో డాలర్ 83.50 దగ్గరుంది. ఈయనకి కట్టింది 76.50. అది చాలక 250 సర్వీసు చార్జీ, ఆపైన జీఎస్టీ. 33,400 అనుకున్న చోట 30,250 చేతిలో పెట్టి పంపారు, అదీ "నో కమీషన్" అని ఎర్ర అక్షరాలతో రాసుకున్న బోర్డు కింద! ఎయిర్‌పోర్టు పేరు, కౌంటర్ పేరు రాయను, ఏ ఊళ్లో అయినా కథ ఇదే కదా.

నా ప్రశ్న ఒక్కటే. ఎయిర్‌పోర్టులో టీ 200 అని జనం గోల పెడితే 2024 డిసెంబరులో కోల్‌కతాలో ఉడాన్ యాత్రీ కెఫే పెట్టి 10 రూపాయలకి టీ ఇచ్చారు. టీకి చేయగలిగింది డబ్బు మార్పిడికి ఎందుకు చేయరు? అసలు రేటుకి రెండు శాతం మించి తేడా ఉండకూడదని ఒక్క రూల్ రాస్తే పోదా?

లెక్కల మాస్టారు:
బాబూ, కోపం సరే, ముందు లెక్క సరిగ్గా వేద్దాం. మీరు చెప్పే 83.50 బ్యాంకులు తమలో తాము కోట్లలో కొనుక్కునే రేటు. టీవీలో, గూగుల్లో కనిపించేది అదే. నోట్లకి ఆ రేటు ఎవరూ ఇవ్వరు. మీ నాన్నగారు మర్నాడు తీరిగ్గా అబిడ్స్‌కో బషీర్‌బాగ్‌కో వెళ్లుంటే 82.50 వచ్చేదేమో, అంటే 33,000. కాబట్టి పోయింది 2,750, మీరంటున్న 3,150 కాదు. అది కూడా ఎక్కువే, కాదనను. కానీ టాక్సీకి కావాల్సింది మూడు వేలు, 50 డాలర్లు మార్చుకుంటే సరిపోయేది, అప్పుడు నష్టం ఆరేడు వందలు దాటేది కాదు. మొత్తం 400 ఎందుకిచ్చారు? ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదుగా.

డాలస్ అబ్బాయి:
మాస్టారూ, మా నాన్నకి 71 ఏళ్లు, ఇరవై రెండు గంటల ప్రయాణం చేసి మోకాళ్లు పట్టేసి నిలబడ్డాడు. ఆ సమయంలో ఆయనకి ఈ రేట్ల తేడా లెక్కలు ఎవరు చెప్తారు?

కువైట్ రిటర్న్:
మాస్టారు చెప్పిన లెక్క కరెక్టే గానీ కత్తి మాట మాత్రం ఒప్పుకోను. నాది రాయచోటి దగ్గర పల్లె. 2009లో మొదటిసారి కువైట్ పోయేటప్పుడు "చేతిలో దినార్లు లేకుంటే అక్కడ ఇమిగ్రేషన్లో ఆపేస్తారు" అని ఏజెంట్ భయపెట్టాడు. లోపలికి పోయాక కౌంటర్లో 20 దినార్లు కొన్నాను. బయట 165, 170 మధ్య ఉన్న దినార్‌కి నా దగ్గర 190 తీసుకున్నారు. నాలుగైదు వందలే కదా అనొచ్చు. అది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ము. పైగా కువైట్లో దిగాక ఆ దినార్లు ఎవరూ అడగలేదు, చూపించమనలేదు, నెల రోజులు పెట్టెలోనే ఉన్నాయి.

రెండోసారి నుంచి నేను తెలివి తెచ్చుకున్నా. తిరిగొచ్చేటప్పుడు దినార్లు ఇంటికే తెచ్చుకునేవాణ్ణి. మా దగ్గర ఇవాళ దినార్ ఎంత అని టీ కొట్టు దగ్గర అడిగినా పైసలతో సహా చెప్తారు, అంతమంది ఉన్నారు అక్కడ. నలుగురికీ రేటు తెలిసిన చోట మోసం తక్కువ. ఎయిర్‌పోర్టులో కొనేవాడికి తెలియదు, అమ్మేవాడికి తెలుసు, అదొక్కటే తేడా.

కౌంటర్ మాజీ:
నేను మూడేళ్లు ఒక ఎయిర్‌పోర్టు మనీ ఎక్స్‌ఛేంజ్ కౌంటర్లో పని చేశాను, ఎక్కడని అడగొద్దు. తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నా.

కౌంటర్ నడిపే కంపెనీ ఎయిర్‌పోర్టుకి ఇంత అని కనీస మొత్తం హామీ ఇస్తుంది, లేదా ఆదాయంలో వాటా, రెండిట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి. టెండర్లో ఎవడు ఎక్కువ పాడితే వాడికే కౌంటర్. ఎక్కువ పాడినవాడు ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు? మీ నాన్నగారి 400 డాలర్ల నుంచే. దానికి తోడు మూడు షిఫ్టుల జీతాలు, ఎవరూ అడగని కరెన్సీ నోట్లు నెలల తరబడి డ్రాయర్లో కూర్చోబెట్టడం, వాటి బీమా. ఇవన్నీ నిజమే. ఏడు రూపాయల తేడా మొత్తం వీటికే పోయిందని మాత్రం నేను చెప్పను.

ఇక అసలు సంగతి. పొద్దున్నే హెడ్డాఫీసు నుంచి రేట్లు వచ్చేవి, బోర్డు మీద పెట్టేది ఒకటి, మేం తగ్గడానికి వీలున్నది ఇంకొకటి. రూపాయి, ఒక్కోసారి రెండు రూపాయల వరకూ వదులుకునే వీలు ఉండేది. అడిగితేనే. ఎవరు అడిగేవాళ్లంటే నెలకోసారి సింగపూర్ తిరిగే వ్యాపారులు. ఎవరు అడిగేవాళ్లు కాదంటే అమ్మానాన్నలు, మొదటిసారి విమానం ఎక్కే గల్ఫ్ కూలీలు, వైద్యం కోసం వచ్చే ఆఫ్రికా వాళ్లు. బోర్డు మీద ఉన్నది అడగనివాళ్ల రేటు, అంతే.

లెక్కల మాస్టారు:
ఇది కొత్త విషయం నాకు. అంటే బేరమాడితే తగ్గిస్తారన్నమాట, సోమవారం సంతలో వంకాయల్లాగా.

హైటెక్ సిటీ రాణి:
రూల్ కావాలంటున్నారు గానీ రూల్ ఆల్రెడీ ఉంది. మనీ ఛేంజర్లకి ఆర్‌బీఐ ఇచ్చిన నిబంధనల్లోనే, రేట్లు మార్కెట్ రేట్లకి అనుగుణంగా ఉండాలి, అందరికీ కనిపించేలా బోర్డు పెట్టాలి అని ఉంది. ఎంత తేడా వరకు "అనుగుణం" అనే అంకె లేకపోవడమే కిటుకు. నేను పరిమితికి అనుకూలం, కానీ రెండు శాతం కుదరదు, డాలర్‌కి నాలుగు, సౌదీ రియాల్, థాయ్ బాత్ లాంటి వాటికి ఆరేడు పెట్టొచ్చు.

బ్యాంకాక్ బ్యాచ్:
పరిమితి వద్దు, పోటీ పెట్టండి చాలు. బ్యాంకాక్ సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగిన ప్రతి ఒక్కరికీ తెలిసిన విషయం చెప్తా. సామాను తీసుకునే చోట, అరైవల్స్ దగ్గర బ్యాంకుల కౌంటర్లు వరసగా ఉంటాయి, అన్నిట్లో దాదాపు ఒకే రేటు, చెత్త రేటు. అదే బిల్డింగ్‌లో లిఫ్ట్ ఎక్కి కిందికి, సిటీకి రైలు ఎక్కే బేస్‌మెంట్ ఫ్లోర్‌కి వెళ్తే సూపర్‌రిచ్ లాంటి మనీ ఛేంజర్ల చిన్న కౌంటర్లు పక్కపక్కనే ఉంటాయి. రేటు దాదాపు ఊళ్లో ఇచ్చినంత ఇస్తారు. అదే ఎయిర్‌పోర్టు, అదే అద్దె బాధ, రెండు అంతస్తుల తేడా. మేం ఆరుగురం వెళ్లినప్పుడు పైన ఇద్దరు మార్చుకున్నారు, కింద నలుగురం మార్చుకున్నాం, ట్రిప్ అంతా ఆ ఇద్దర్నీ ఏడిపించాం. ఇంకోటి, అక్కడ 100 డాలర్ల నోటుకి ఒక రేటు, ఒకటి రెండు డాలర్ల నోట్లకి తక్కువ రేటు, కాబట్టి చిల్లర నోట్లు పట్టుకెళ్లకండి.

మరి మన దగ్గర అలా నాలుగు కంపెనీలని ఎందుకు పక్కపక్కన కూర్చోబెట్టరు?

కౌంటర్ మాజీ:
నేను చేసిన చోట నాలుగు కౌంటర్లు ఉండేవి బ్రో. రెండు పేర్లు. ఓనర్ ఒక్కడే.

బ్యాంకాక్ బ్యాచ్:
😂😂 ఇంకేం చెప్తాం.

లెక్కల మాస్టారు:
నవ్వులు సరే, ఒక ఇబ్బంది కూడా చూడండి. మన దేశంలో పెద్ద ఎయిర్‌పోర్టులకి ఎంత చార్జీలు వసూలు చేసుకోవచ్చో ఖరారు చేసేటప్పుడు దుకాణాలు, పార్కింగ్, కరెన్సీ కౌంటర్ల మీద వచ్చే ఆదాయంలో 30 శాతం లెక్కలోకి తీసుకుని ఆ మేరకు ఆ చార్జీల భారం తగ్గిస్తారు. 2016 పౌర విమానయాన విధానంలో ఉన్నదే ఇది. కౌంటర్ల గొంతు పట్టుకుంటే ఆ ఆదాయం తగ్గుతుంది, కొంతైనా మన టికెట్‌లోని యూడీఎఫ్ (ఎయిర్‌పోర్టు వాడుకున్నందుకు ప్రయాణికుడు కట్టే ఫీజు) మీద పడుతుంది.

కువైట్ రిటర్న్:
మాస్టారూ, అంటే మా పల్లెవాడు దినార్‌కి ఇరవై రూపాయలు ఎక్కువ పెడితే దానివల్ల బిజినెస్ క్లాసులో కూర్చున్నాయనకి యూడీఎఫ్ తగ్గుతుందా? ఇదేం న్యాయమండీ, మీరే చెప్పండి.

లెక్కల మాస్టారు:
... దీనికి నా దగ్గర జవాబు లేదు. పాయింటు మీదే.

అయినా పరిమితి మీద నా అనుమానం పోలేదు. రాత్రి రెండింటికీ మూడింటికీ దిగే గల్ఫ్ విమానాల కోసం కౌంటర్ తెరిచి ఉంచడం లాభసాటి కాకపోతే మూసేస్తారు. అప్పుడు బయట డ్రైవర్ "డాలర్ ఇవ్వండి సార్, నేను మారుస్తా" అంటాడు. అది ఇంకా ఘోరం, పైగా చట్టవిరుద్ధం.

ఆగస్టు ఇంటేక్:
స్టూడెంట్‌ని, నా గోడు కూడా వినండి. వెళ్లేముందు మా బాబాయ్ "క్యాష్ ఎక్కువ పట్టుకెళ్లు" అన్నాడు. నోట్ల రూపంలో 3,000 డాలర్ల వరకే ఇస్తారు అమెరికాకి, మిగతాది ఫారెక్స్ కార్డులో, అంటే ముందే డాలర్లు నింపుకునే కార్డులో వేయించుకున్నా, వారం ముందు, మూడు చోట్ల ఫోన్‌లో రేటు అడిగి. ఇంత జాగ్రత్తపడి దుబాయ్ ట్రాన్సిట్‌లో బొక్క బోర్లా పడ్డా. బర్గర్ కొంటే మెషీన్ "రూపాయల్లో కట్టాలా, దిర్హాముల్లోనా" అని అడిగింది, నేను మన రూపాయలే కదా అని నొక్కేశా, అదీ ఇండియా డెబిట్ కార్డుతో. రూపాయలు నొక్కితే రేటు ఆ దుకాణం వైపు బ్యాంకు కడుతుంది, వాళ్లిష్టం. ఎప్పుడూ ఆ దేశం కరెన్సీయే నొక్కాలట. అంటే కౌంటర్లు మూయించినా ఆ దోపిడీ మెషీన్‌లోకి వచ్చి కూర్చుంటుంది.

హైటెక్ సిటీ రాణి:
డీసీసీ (డైనమిక్ కరెన్సీ కన్వర్షన్) అంటారు దాన్ని. ఏటీఎంలో కూడా అడుగుతుంది, అక్కడ కూడా అదే జవాబు. మామూలు డెబిట్ కార్డుకి మూడున్నర శాతం దాకా మార్కప్, అంటే రేటు మీద అదనపు వడ్డన ఉంటుంది, అయినా ఎయిర్‌పోర్టు కౌంటర్ కంటే చాలాసార్లు అదే నయం. థాయ్‌లాండ్‌లో మాత్రం విదేశీ కార్డుకి ఏటీఎం ప్రతిసారీ రెండొందల బాత్ పైనే పట్టేస్తుంది, తీస్తే ఒకేసారి ఎక్కువ తీసుకోవాలి.

డాలస్ అబ్బాయి:
ఇంతమంది రాశారు, సంతోషం. నా రెండు శాతం పట్టుదల వదిలేస్తున్నా. దాని బదులు ఇది చూడండి: బోర్డు మీద వాళ్ల రేటు పక్కనే తాజా ఎఫ్‌బీఐఎల్ (ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా అనే సంస్థ) రెఫరెన్స్ రేటు అదే సైజు అక్షరాల్లో పెట్టాలి. డాలర్, యూరో, పౌండ్, యెన్‌లకి పనిదినాల్లో రోజూ మధ్యాహ్నం అది ప్రకటిస్తారు, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. కింద తెలుగులో ఒక లైను, "100 డాలర్లు ఇస్తే అన్ని చార్జీలూ పోను మీ చేతికి ఇన్ని రూపాయలు". అది చదివి కూడా నాన్న ఇచ్చేస్తే ఇక నేను మాట్లాడను.

నాన్నతో ఈ గోల అంతా చెప్తే ఏమన్నాడో తెలుసా? "నువ్వు డాలస్ ఎయిర్‌పోర్టులో నాకు కొనిపెట్టిన ఆ చప్పిడి శాండ్‌విచ్ 18 డాలర్లు, దాని మీద కూడా ఒక పోస్టు రాయి" అన్నాడు.

కువైట్ రిటర్న్:
పెద్దాయనకి నమస్కారం చెప్పండి 🙏 తెలుగు లైను మాత్రం ముఖ్యం. "వియ్ బై, వియ్ సెల్" అని రాస్తే కొనేది ఎవరో అమ్మేది ఎవరో నాకే పదేళ్లు పట్టింది అర్థం కావడానికి.

డాలస్ అబ్బాయి:
కౌంటర్ మాజీ గారూ, అమ్మ దగ్గర 300 డాలర్లు ఉంటాయి. అసలు కౌంటర్ ముఖం చూడకుండా ఇంటికి తీసుకెళ్తే ఏమన్నా సమస్యా?

కౌంటర్ మాజీ:
ఏ సమస్యా లేదండీ. 2,000 డాలర్ల వరకు నోట్లు ఇంట్లోనే ఉంచుకోవచ్చు, మళ్లీ మీ దగ్గరికి వచ్చేటప్పుడు పనికొస్తాయి. ఈసారి సిమ్ రీచార్జ్ చేయించి పంపండి, టాక్సీ మీరు అక్కడి నుంచే బుక్ చేయండి, పర్సులో రెండు వేల రూపాయలు ఇప్పుడే పెట్టేయండి. తప్పనిసరై మార్చుకోవాల్సి వస్తే "చివరి రేటు ఎంత బాబూ" అని ఒక్కసారి అడగమనండి, రసీదు తీసుకోమనండి. నాణేలు మాత్రం కౌంటర్లలో మామూలుగా తీసుకోరు, అవి ఊళ్లో పిల్లలకి ఇచ్చేయమనండి.