నిజం ఒప్పేసుకుంటే దెయ్యం వెళ్లిపోవాల్సిందేనా?

నిశాచరి
ఒక హారర్ నవల రాస్తూ ముగింపు దగ్గర ఆగిపోయాను. కథ టూకీగా చెబుతాను. ఐదుగురు స్నేహితులు. ఇరవై ఏళ్ల కిందట వాళ్లలో ఒకడు చెరువులో మునిగిపోయాడు. ఈత రాదని తెలిసీ పందెం కాసి దింపింది మిగతా నలుగురే. "మేం వెళ్లేసరికే మునిగిపోయాడు" అని అందరూ ఒకే మాట మీద నిలబడ్డారు. ఇప్పుడు ఆ నలుగురి ఇళ్లలోనూ, దండెం మీద ఆరిన తువ్వాలు తెల్లారేసరికి తడిసి ఉంటోంది.

రాసినంతవరకు చదివిన స్నేహితురాలు, "నలుగురూ నిజం ఒప్పుకోగానే వాడు వెళ్లిపోవాలి, లేకపోతే పాఠకుణ్ని మోసం చేసినట్టే" అంటోంది. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

కథాపిపాసి
మీ స్నేహితురాలి మాటే నా మాట. వాళ్లు దాచారు కాబట్టే దెయ్యం వచ్చిందని కథ మొదట్నుంచీ చెబుతోంది. దాచడం ఆగిపోయాక కూడా ఉంటే, ఎందుకున్నట్టు? అంతసేపు బిగబట్టి చదివినవాడికి ఊపిరి వదిలే చోటొకటి కావాలి. ఆఖరి పేజీలో తలుపు మళ్లీ కిర్రుమనడం నాకు అస్సలు నచ్చదు.

టోనీ మారిసన్ 'బిలవ్డ్' (1987) తీసుకోండి. బానిసత్వంలోకి పోనివ్వకూడదని కన్నబిడ్డనే చంపుకున్న తల్లి, ఆమె ఇంట్లో తిష్ఠ వేసిన ఆ బిడ్డ. చివర్లో చుట్టుపక్కల ఆడవాళ్లు గుంపుగా వచ్చి ఇంటి ముందు నిలబడి పాడతారు. బిడ్డ మాయమవుతుంది. సుఖాంతం అనలేం, కానీ వెళ్లిపోయింది కదా.

పాతపుస్తకం
ఆ నవల మీ వాదనకు సాయపడదండీ. ఆ తల్లి చేసిన పని అందరికీ తెలుసు, అందులో దాచిందేమీ లేదు. అందుకేగా పద్దెనిమిదేళ్లు ఆమెను దూరం పెట్టారు. ఆ కథకు ప్రేరణ అయిన మార్గరెట్ గార్నర్ ఉదంతం కూడా 1856లో కోర్టుకెక్కి, పత్రికలకెక్కినదే. దెయ్యం వెళ్లింది నిజం బయటపడినందుకు కాదు, మొహం తిప్పుకున్నవాళ్లు మళ్లీ ఆ ఇంటి ముందుకు వచ్చినందుకు.

ఒప్పుకోలు ఏం చేస్తుందో చూడాలంటే హెన్రీ జేమ్స్ 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' (1898) చదవాలి. ఇద్దరు పిల్లల్ని చూసుకోవడానికి ఒక ఇంట్లో చేరిన గవర్నెస్‌కు అక్కడ దెయ్యాలు కనిపిస్తుంటాయి, అవి పిల్లల కోసమే వచ్చాయని నమ్ముతుంది. చివరి సన్నివేశంలో ఆమె పిల్లాణ్ని గుచ్చి గుచ్చి అడుగుతుంది. నువ్వు రాసిన ఉత్తరం తీసింది నేనే అంటాడు. బడిలో ఏవో మాటలు అన్నానంటాడు. ఆ కాసేపట్లోనే ఆమె చేతుల్లో ప్రాణం వదిలేస్తాడు. ఆ దెయ్యాలు ఆమె మనసులోవేనని 1934లో విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ వాదించారు, ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు. ఎటువైపు నిలబడి చదివినా, నిజం కక్కించడం వల్ల పిల్లాడు బతకలేదు.

కథాపిపాసి
బిలవ్డ్ సంగతి మీరన్నదే సరైనది, నేను అలా చూడలేదు. కానీ ఆ పిల్లాడిది బలవంతపు ఒప్పుకోలు. ఇక్కడ నలుగురూ తమంతట తాము చెబుతారు. తేడా లేదంటారా?

వెన్నెల
ఇద్దరూ తప్పు గురించే మాట్లాడుతున్నారు. మరి దుఃఖం? తప్పు చేసినవాళ్లకు పోయినవాడు పోయినట్టే ఉండాలి. పోగొట్టుకున్నవాళ్లకు తిరిగి రావాలి.

జేకబ్స్ రాసిన 'ది మంకీస్ పా' (1902) కథలో కోరికలు తీర్చే ఒక ఎండిన కోతి పంజా ఉంటుంది. తల్లి పట్టుబట్టి, చనిపోయిన కొడుకు తిరిగి రావాలని తండ్రి చేత దాన్ని కోరిస్తుంది. తలుపు చప్పుడవుతుంది. పై గడియ అందక ఆమె కుర్చీ లాక్కుంటుంది. అదే సమయంలో తండ్రి నేల మీద ఆ కోతి పంజా కోసం తడుముకుంటూ ఉంటాడు, వాడు లోపలికి రాకముందే వెనక్కి పంపేయాలని. ఒక్కడే కొడుకు, ఒక్కటే తలుపు. ఎన్నిసార్లు చదివినా ఆ కుర్చీ చప్పుడు దగ్గర నా కడుపులో తిప్పేస్తుంది.

నిశాచరి గారూ, మీ నలుగురిలో వాణ్ని ప్రేమించిన మనిషి ఉందా? తువ్వాలు తడిసిందని భయపడకుండా, రాత్రి ఇంకో పొడి తువ్వాలు ఆరేసి పడుకునే మనిషి? ఉంటే, నిజం చెప్పడానికి అందరికంటే గట్టిగా అడ్డుపడేది ఆమే. చెబితే వాడు వెళ్లిపోతాడని.

ఒంటరి దీపం
ఎప్పుడూ చదివి ఊరుకుంటాను. ఈసారి ఊరుకోలేకపోయాను.

మా నాన్న పోయిన రాత్రి నాకు మూడుసార్లు, అన్నయ్యకు రెండుసార్లు ఫోన్ చేశారు. ఇద్దరం ఎత్తలేదు. నేనైతే చూసి కూడా, పొద్దున మాట్లాడదాంలే అనుకున్నాను. అమ్మకు చెప్పొద్దని మర్నాడే అనుకున్నాం. ఆరేళ్లు అలాగే గడిచాయి. ఆ ఆరేళ్లలో మేమిద్దరం మాట్లాడుకోవడం తగ్గిపోయింది. ఒకరి గొంతు వింటే ఇంకొకరికి అదే గుర్తొచ్చేది.

కిందటేడు అమ్మకు చెప్పేశాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పక్క గదిలోంచి నన్నూ పిలిచార్రా. కల అనుకుని అటు తిరిగి పడుకున్నాను" అంది.

మనసు తేలికైందా అంటే, కాలేదు. ఇద్దరం మోసేది ఇప్పుడు ముగ్గురం మోస్తున్నాం. కాకపోతే అన్నయ్య ఫోన్ చేస్తున్నాడు.

అందుకే నేనైతే దెయ్యాన్ని ఉండనివ్వమంటాను. ఇంకో మాట. మీ నలుగురూ ఒకరితో ఒకరు చెప్పుకుంటే అది ఒప్పుకోలు ఎలా అవుతుంది? వాళ్లందరికీ తెలిసిందేగా. వాడి అమ్మ బతికే ఉందా?

నిశాచరి
ఉంది. రెండో అధ్యాయంలో ఒక్కసారి కనిపిస్తుంది, అంతే. మీ పోస్టు చదివాక వెళ్లి ఆ పేజీలు తిరగేశాను. ఆవిడ ఇంట్లో తువ్వాలు సంగతి నేను రాయనే లేదు. అంటే అది పొడిగానే ఉంది. వాడు ఆ నలుగురి ఇళ్లకూ వెళ్లాడు గానీ, సొంత ఇంటికి ఒక్కసారీ వెళ్లలేదు. రాసిన నాకే ఇది ఇప్పటిదాకా తట్టలేదు.

కథాపిపాసి
ఆవిడకు నిజం చెప్పిన రాత్రి ఆ ఇంట్లో తువ్వాలు తడిస్తే, నేను దాన్ని వెళ్లిపోవడమనే అంటాను.

వెన్నెల
నేను రావడమంటాను.