యాంటీబయాటిక్ వాడేటప్పుడు మాలా-ఎన్ ఆపాలా?

పొదిలి ఏఎన్ఎం అడిగింది:

పన్ను కింద చీము పట్టిన ఒకామెకు అమాక్సిసిలిన్-క్లావులనేట్, మెట్రోనిడజోల్ ఐదు రోజులకు రాశారు. ఆమె గర్భం రాకుండా రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రల మీద ఉంది. మెడికల్ షాపులో "యాంటీబయాటిక్ పడితే ఆ మాత్ర పనిచేయదమ్మా, ఈ కోర్సు అయిందాకా ఆపెయ్యి" అన్నారంట. పదమూడు మాత్రలు సరిగ్గా వేసుకుని పద్నాలుగు, పదిహేను ఆపేసింది. ఇవాళ పదహారో రోజు. ఇంకొకామెకు మూడు వారాల కింద టీబీ మందులు మొదలయ్యాయి, ఆమెది కూడా మాలా-ఎన్నే. ఆమెకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. నిజంగా ఏ మందుతో ఇబ్బంది? ఇద్దరికీ ఇప్పుడు ఏం చెప్పాలి?

కావలి ఫార్మసిస్టు జవాబు:

అక్కా, తిరగబడింది చూడండి. ఆపక్కర్లేని ఆమె చేత ఆపించారు, చెప్పాల్సిన ఆమెకు చెప్పలేదు.

మాలా-ఎన్‌ను నిజంగా దెబ్బతీసే యాంటీబయాటిక్‌లు టీబీకి వాడే రిఫాంపిసిన్, దాని చుట్టాలైన రిఫాబ్యూటిన్, రిఫాపెంటిన్. ఇవి లివర్‌లో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని పెంచుతాయి. అప్పుడు మాత్రలో ఉన్న 0.15 మిల్లీగ్రాముల లెవొనార్‌జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయాల్ (ఇది ఈస్ట్రోజన్) అనే హార్మోన్లు రెండూ మామూలు కంటే తొందరగా ఖర్చయిపోతాయి. అండం విడుదలను ఆపేంత మందు రక్తంలో మిగలదు. 1971లోనే జర్మనీ డాక్టర్లు టీబీ రోగుల్లో దీన్ని గమనించి రాశారు.

మిగతా వాటి మీద అనుమానం ఎట్టా వచ్చిందంటే, ఈస్ట్రోజన్ కొంత పైత్యరసంతో పేగుల్లోకి దిగుతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని విడదీస్తే మళ్లీ రక్తంలో కలుస్తుంది. యాంటీబయాటిక్ ఆ బ్యాక్టీరియాను చంపితే హార్మోన్ తగ్గుతుందని అనుకున్నారు. రక్త పరీక్షల్లో అట్టా తేలలేదు. పైగా గర్భాన్ని ఆపడంలో పెద్ద పని లెవొనార్‌జెస్ట్రెల్‌ది, అది ఈ దారిలో తిరిగి రాదు. బ్రిటన్‌లో ఒకప్పుడు ఏ యాంటీబయాటిక్‌కైనా అదనంగా కండోమ్ వాడమనేవాళ్లు, 2011లో ఆ సలహా తీసేశారు. అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్, అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్, వీటిలో దేనికీ మాత్ర ఆపక్కర్లేదు. పేరు చూసి రిఫాక్సిమిన్‌ను కూడా ఆ గుంపులో కలపొద్దు. అది పేగులోనే ఉండిపోతుంది, లివర్ బాగున్నవాళ్లలో రక్తంలోకి వెళ్లేది చాలా కొంచెం.

మందులషాపు కౌంటర్ దగ్గర "ఆపెయ్యి" అనే ఒక్క మాటతో గర్భం వచ్చే ప్రమాదం నిజంగా మొదలవుతుంది. దయచేసి ఎవరూ ఆ మాట అనొద్దు.

ఒంగోలు స్టాఫ్ నర్సు జవాబు:

మొదటామె సంగతి. ఇవాళ గుర్తొచ్చిన వెంటనే పదిహేనో మాత్ర వేసుకోవాలి, పదహారోది రాత్రి మామూలు వేళకు. ఒకే రోజు రెండు పడినా ఏం కాదు. కడుపులో కాస్త తిప్పొచ్చు, అంతే. పద్నాలుగోదాన్ని షీటులో అట్నే వదిలెయ్యాలి. ఏడు రోజులు కండోమ్. ఇక్కడ అందరూ తప్పే చోటు ఒకటుంది. పదహారు నుంచి ఇరవయ్యొకటి దాకా లెక్కపెట్టండి, హార్మోన్ మాత్ర పడే రోజులు ఆరే. ఏడు కావాలి. అందుకని ఈసారి షీటు చివర హార్మోన్ లేని ఏడు ఐరన్ మాత్రల వరస వదిలేసి ఇరవైరెండో రోజే కొత్త షీటు మొదలుపెట్టాలి. ఈ నెల నెలసరి రాకపోవచ్చని ముందే చెప్పండి, లేకపోతే గాబరా పడి మళ్లీ ఆపేస్తుంది. ముందు పదమూడు మాత్రలు వరసగా పడ్డాయి కాబట్టి ఎమర్జెన్సీ మాత్ర అక్కర్లేదు.

యాంటీబయాటిక్‌తో అసలు చూసుకోవాల్సింది వాంతులు, విరేచనాలు. మెట్రోనిడజోల్‌కు నోరు చేదెక్కి వికారం, క్లావులనేట్‌కు నీళ్ల విరేచనాలు రావడం మామూలే. మాలా-ఎన్ వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకో హార్మోన్ మాత్ర వేసుకోవాలి. అది ఈ షీటులోది కాకుండా వేరే షీటులోంచి తీయాలి, లేకపోతే రోజుల వరస చెడుతుంది. దానికోసం ఒక షీటు అదనంగా ఇచ్చి పెట్టండి. వాంతులో నీళ్ల విరేచనాలో 24 గంటలు దాటితే అక్కణ్ణుంచి ఒక్కో రోజును ఒక్కో మాత్ర మర్చిపోయినట్టు లెక్కేసుకోవాలి. రోజుకు రెండు సార్లు మెత్తగా పోవడం ఈ లెక్కలోకి రాదు. యాంటీబయాటిక్ అన్నం తిన్నాక వేసుకోమనండి, సగం వాంతులు అక్కడే ఆగుతాయి.

ఈ లెక్కంతా మాలా-ఎన్, మాలా-డి లాంటి మాత్రలకే. ఛాయ కూడా గర్భం రాకుండా వేసుకునేదే కానీ హార్మోన్ మాత్ర కాదు, దాని లెక్క వేరు.

పొదిలి ఏఎన్ఎం:

ఇరవైరెండో రోజు సంగతి నాకు తట్టలేదు. ఇవాళే ఇంటికెళ్లి షీటు మీద పెన్నుతో గుర్తు పెట్టిస్తా. టీబీ ఆమెకు రోజుకు రెండు మాత్రలు వేస్తే సరిపోతుందా?

ఒంగోలు స్టాఫ్ నర్సు:

వద్దమ్మా, రెండేసి వేసుకోవద్దు. ఆ నాలుగు మందుల్లో ఇబ్బంది రిఫాంపిసిన్‌తోనే. ఐసోనియాజిడ్, పైరాజినమైడ్, ఎథాంబుటాల్ తగువుకు రావు. కానీ రిఫాంపిసిన్ ఆరు నెలలూ ఉంటుంది, మానేసిన తర్వాత కూడా లివర్ మామూలుకు రావడానికి నాలుగు వారాలు పడుతుంది. అంటే మొత్తం ఏడు నెలలు వేరే పద్ధతి. గర్భం రాకుండా వేసే అంతర ఇంజెక్షన్‌కు రిఫాంపిసిన్ అడ్డం కాదు, 150 మిల్లీగ్రాములు మూడు నెలలకొకసారి. తేదీ దగ్గర పెట్టుకుని పిలవాలి. కాపర్-టీ కూడా బాగుంటుంది, కాకపోతే టీబీ గర్భసంచిలోనో ట్యూబుల్లోనో ఉంటే అది పెట్టకూడదు. ఏదైనా మొదలుపెట్టేలోపు కండోమ్. మూడు వారాలు గడిచాయి కాబట్టి ముందు మూత్రంతో గర్భ పరీక్ష చేయండి. నెగటివ్ వచ్చినా మూడు వారాల తర్వాత మళ్లీ చేయాలి.

కావలి ఫార్మసిస్టు:

రెండు మాటలు. ఒకటి, ఆ ఇంట్లో మిగతా ఆడవాళ్లను కూడా అడగండి. టీబీ రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే వారానికొకసారి మందులో, పన్నెండు వారాలు వేస్తారే, అందులో ఐసోనియాజిడ్‌తో పాటు రిఫాపెంటిన్ ఉంటుంది. జబ్బు లేని మనిషి కాబట్టి ఆమె మాలా-ఎన్ గురించి ఎవరికీ గుర్తుకు రాదు.

రెండు, టీబీ ఆమెకు కండోమ్ చిరిగిపోతే లెవొనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల ఎమర్జెన్సీ మాత్ర ఒకటి చాలదు. రిఫాంపిసిన్ దాన్ని కూడా తినేస్తుంది. ఐదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకోవడం అన్నిటికంటే గట్టి దారి. అది కుదరకపోతే డాక్టరుతో మాట్లాడి రెండు మాత్రలు ఒకేసారి, 72 గంటల్లోపు. మీ పీహెచ్‌సీలో కాపర్-టీ ఏ రోజు వేస్తారో ఇప్పుడే కనుక్కుని ఆమె టీబీ కార్డు వెనక రాసి పెట్టండి.