శక్తి వచ్చిన హీరో దాన్ని నేర్చుకునే తంటాలు కథలో ఉంచాలా, కోసెయ్యాలా?

ఏటిగట్టు మావయ్య:

మా మేనల్లుడు పదో తరగతి. స్కూల్లో కథల పోటీ ఉందని ఒకటి రాసి నాకు చూపించాడు. మొత్తం పదకొండు పేజీలు. 2022 జులై వరదలో ఓ లంక (గోదారి మధ్య దీవి) కుర్రాడు అరటితోటలో కట్టేసిన దూడని విప్పుకొద్దామని వెళ్లి ఏట్లో కొట్టుకుపోతాడు. తేలేసరికి గోదారి వాడి మాట వింటోంది. చెయ్యెత్తితే నీళ్లు లేస్తాయి, దించితే దిగుతాయి. ఇంతవరకూ భలే రాశాడు. అప్పట్లో మా వీధిలోకి పడవలొచ్చాయి, ఆ రోజులు వాడికి బాగా గుర్తున్నట్టున్నాయి.

గొడవంతా తర్వాతే. ఆ శక్తి నేర్చుకోడానికే అయిదు పేజీలు. చెంబులో నీళ్లు లేపబోతే బావి పొంగింది. బావిని ఆపబోతే పక్కింటివాళ్ల ట్యాంకు పగిలింది. నిద్రలో చెయ్యి ఊపితే మంచం కిందకి నీళ్లొచ్చాయి. చివర వరద తగ్గించి ఊరిని కాపాడటం మాత్రం ఒక్క పేజీ.

"ఒరే, ఆ అయిదూ అర పేజీ చేసెయ్. శక్తి వచ్చాక ఏం చేశాడో చూడాలనుంటుంది గానీ వాడి ట్యూషన్ ఎవడిక్కావాలి" అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులైంది, మాటల్లేవు. మా అక్క ఫోన్ చేసి నన్నే వాయించింది. మీరు చెప్పండి, ఉంచాలా, కోసెయ్యాలా?

వేమగిరి కుర్రోడు:

కోసెయ్యండి బాబాయ్, డౌటే లేదు. ఏ సూపర్‌హీరో సినిమా చూసినా ఇదే వరస. తలుపు లాగితే గడియ ఊడి చేతిలోకొస్తుంది. అలారం ఆపబోతే గడియారం పచ్చడి. మేడ మీంచి దూకి చెత్తకుప్పలో పడతాడు, ఫ్రెండు నవ్వుతాడు, వెనకాల పాట. పాట అయ్యేసరికి ఎక్స్‌పర్ట్. నేనైతే ఫార్వర్డ్ కొట్టేస్తా.

రాత్రిబస్సు:

అమలాపురం నుంచి హైదరాబాద్ బస్సులో కూర్చుని టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

కుర్రోడా, నువ్వు ఫార్వర్డ్ కొట్టేదే నాకు సినిమా. 2002 స్పైడర్‌మ్యాన్‌లో మేడ మీద నిలబడి, దారం ఎలా రప్పించాలో తెలియక వేళ్లు రకరకాలుగా ముడుస్తుంటాడు చూడు. చివరికి వస్తుంది, ఊగుతాడు, వెళ్లి ఎదురుగా గుద్దుకుంటాడు. ఆ తర్వాత వాడు ఎక్కణ్నుంచి దూకినా నాకు గుండె పీచుపీచుమంది. గుద్దుకోగలడని చూశాం కదా మరి.

మా నాన్న నాకు కారు నేర్పింది ఏటిగట్టు మీద. ఓ పక్క ఏరు, ఇంకో పక్క బాగా కిందన కొబ్బరితోట. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది. నా చేతులు వణుకుతుంటే మా నాన్న ఒక్క మాటా అనలేదు, హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు ఎంత దూరమైనా నడుపుతా. ఎవరికైనా చెప్పాలంటే మాత్రం ఆ ట్రాక్టరు సంగతే చెబుతా.

ఇంకొకటి. 2021లో వచ్చిన మలయాళం సినిమా మిన్నల్ మురళి, తెలుగులోనూ ఉంది. ఒకే పిడుగు ఇద్దరికి తగులుతుంది. ఒకడికి తన శక్తులేంటో పరీక్షించుకోడానికి మేనల్లుడు తోడున్నాడు. రెండోవాణ్ని ఊళ్లో మనిషిలా చూసేవాళ్లే లేరు. ఇద్దరూ కిందామీదా పడే ఆ భాగం తీసేస్తే, ఒకడు హీరో, ఒకడు విలన్ ఎందుకయ్యారో ఎలా తెలుస్తుంది? మేనల్లుళ్లతో పెట్టుకోకండి మావయ్యా.

పూతరేకు:

ఉంచాలి. కానీ అయిదు పేజీలు మరీ ఎక్కువండీ.

మాది ఆత్రేయపురం దగ్గర. పూతరేకులు తీయడం మా అత్తయ్య దగ్గర నేర్చుకున్నా. బోర్లించిన కుండ, కింద మంట, పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డ. ఆ గుడ్డని కాలే కుండ మీద ఒక్క ఊపున లాగాలి. చెయ్యి ఆగిందా ముద్ద కడుతుంది, మరీ తొందరపడితే చిల్లులు. మొదటి నెలంతా నేను తీసినవి ముక్కలే. అత్తయ్య పారెయ్యకుండా పంచదార చల్లి పిల్లలకి పెట్టేసేది.

ఆ నెల రోజులూ వరసగా చెబితే మీరు వింటారా? ఒక్క రోజు చెబుతా. సెల్ మోగిందని అటు చూశాను, మణికట్టు కుండకి అంటుకుంది. మచ్చ ఇప్పటికీ ఉంది. ఇక మిగతా రోజులు చెప్పక్కర్లేదు కదా.

మీవాడు రాసిన చెంబు, బావి, ట్యాంకు మూడూ ఒకటే తప్పు. ఒకటి ఉంచి రెండు తీయించండి. మంచం కింద నీళ్లు మాత్రం ముట్టుకోవద్దు. మెలకువలో అదుపు వచ్చింది సరే, నిద్రపోతే ఏం చేస్తాడు పాపం? అది చదవగానే నాకు భయమేసింది.

పద్యాల పంతులు:

నమస్కారం. తెలుగు పంతులుగా రిటైరై రాజమండ్రిలో ఉంటున్నాను. కుర్రవాడు ఫార్వర్డ్ కొడతానన్నాడు కాబట్టి, ఫార్వర్డ్ కొట్టినవాడి కథొకటి చెబుతాను.

భారతం అరణ్యపర్వంలో యవక్రీతుడని ఉన్నాడు. గురువు దగ్గర ఏళ్ల తరబడి చదవకుండానే వేదాలన్నీ వచ్చెయ్యాలని తపస్సు చేశాడు. ఇంద్రుడు ముసలి బ్రాహ్మడి వేషంలో వచ్చి, గంగ ఒడ్డున కూర్చుని గుప్పెడు గుప్పెడు ఇసుక నీళ్లలో పోస్తున్నాడు. ఏం చేస్తున్నావయ్యా అంటే, వంతెన కడుతున్నానన్నాడు. ఇది అయ్యే పనేనా అని నవ్వాడు యవక్రీతుడు. నీ తపస్సూ ఇంతేనన్నాడు ఇంద్రుడు. అయినా మొండిపట్టు పట్టి వరం సంపాదించాడు. ఆ గర్వంతోనే చెడ్డ పని చేసి చచ్చాడు. ధవళేశ్వరంలో ఆనకట్ట పని 1847లో మొదలెడితే 1852కి పూర్తయింది. నది సంగతి తెలిసిన మనకి గుప్పెడిసుక కథ వివరించక్కర్లేదు.

హనుమంతుడి సంగతి చూడండి. పసితనంలో సూర్యుణ్ని పండనుకుని ఎగిరి, ఇంద్రుడి వజ్రం దెబ్బకి దవడ పగలగొట్టుకున్నాడు. ఆపై మునుల ఆశ్రమాల్లో అల్లరి చేస్తే, ఎవరైనా గుర్తుచేసేదాకా నీ బలం నీకు తెలియకుండుగాక అని శపించారు. సముద్రం ఒడ్డున జాంబవంతుడు గుర్తుచేయాల్సొచ్చింది. అంతటివాడూ లంక తగలబెట్టాక ఒక్కసారి ఉలిక్కిపడతాడు, అయ్యో, సీతమ్మ కూడా కాలిపోయిందేమో, కోపంలో ఎంత పని చేశానూ అని. సుందరకాండలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది. (మన లంకలు కాదు, ఆ లంక.)

చివరగా అశ్వత్థామ. అతనూ అర్జునుడూ ఒకరి మీదికొకరు అస్త్రం వదిలారు. వ్యాసుడూ నారదుడూ మధ్యలో నిలబడి వెనక్కి తీసుకోమన్నారు. అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామకి వదలడం వచ్చు, మళ్లించడం రాదు. ఆ అస్త్రం పోయి ఉత్తర గర్భంలో పిండానికి తగిలింది.

వేమగిరి కుర్రోడు:

మేష్టారూ, మీతో వాదించలేను గానీ ఇవన్నీ నా వైపే మాట్లాడుతున్నాయి. హనుమంతుడు నేర్చుకోడానికి పడ్డ తంటాలు ఎన్ని పేజీలున్నాయి? జాంబవంతుడు గుర్తుచేశాడు, ఎగిరాడు, అంతే కదా.

స్పైడర్‌మ్యాన్ కూడా అంతే. మొదటిసారి 1962లో కామిక్‌గా వచ్చినప్పుడు ఆ కథ సరిగ్గా పదకొండు పేజీలు, మీవాడి కథ లాగే. కారు కింద పడకుండా ఎగిరి గోడకి అతుక్కుంటాడు, పైకి పాకుతాడు, చేతికి తగిలిన ఇనప గొట్టం కాగితంలా నలుగుతుంది. శక్తి నేర్చుకోవడం ఆ కాస్తే. వెంటనే కుస్తీ పోటీకి పోయి డబ్బు గెలుస్తాడు, టీవీలోకెక్కుతాడు. ఒక దొంగ పక్కనుంచే పారిపోతుంటే నాకెందుకులే అని వదిలేస్తాడు. వాడే తర్వాత వాళ్ల బాబాయిని చంపేస్తాడు. మిగతా పేజీలన్నీ దానికే. అరవై ఏళ్ల పైనుంచి జనం చదువుతున్నారు. మీవాడికి అయిదు పేజీలెందుకంట?

రాత్రిబస్సు:

తమ్ముడూ, నీ కర్రతో నువ్వే కొట్టుకున్నావు. గోడెక్కడం అర పేజీలో నేర్చుకున్నాడు, సరే. దొంగని వదిలేయకూడదని నేర్చుకోడానికి మిగతా పేజీలన్నీ పట్టాయి. అది నేర్చుకోవడం కాదా? బస్సు రావులపాలెంలో ఆగింది, టీ తాగొస్తా.

పూతరేకు:

అందరూ మగవాళ్ల గురించే చెబుతున్నారు. కుంతి ఏమైంది? దుర్వాసుడు మంత్రం ఇచ్చాడు. చిన్నపిల్ల. పనిచేస్తుందో లేదో చూద్దామనుకుంది, మీవాడు చెంబుతో చూసినట్టే. పిలిస్తే సూర్యుడు నిజంగానే వచ్చి నిలబడ్డాడు. వద్దు, వెళ్లిపొమ్మంటే కుదరదన్నాడు. ఒక్కసారి పరీక్షించి చూసినందుకు బిడ్డని పెట్టెలో పెట్టి ఏట్లో వదులుకుని, ఆ బిడ్డ పోయేదాకా పాండవులకి చెప్పలేదు. ఇందులో నవ్వులాట ఎక్కడుందండీ? చెంబు సీను నవ్వించేలా రాశాడా, భయపెట్టేలా రాశాడా? దాన్నిబట్టి ఉంటుంది.

లాకు పక్కిల్లు:

ఆలస్యంగా చూశాను. నాకు కథల సంగతి పెద్దగా తెలియదు, నీళ్ల సంగతి కొంచెం తెలుసు. మా నాన్న కాలవ మీద లస్కరు, అంటే షట్టర్లు ఎత్తి దించి నీళ్లు వదిలే పని. లాకుల పక్కనే ఇల్లు.

పద్నాలుగేళ్లప్పుడు నాకు షట్టరు తిప్పాలని ఒకటే దురద. నాన్న తిప్పనిచ్చేవాడు కాదు. ఓ సాయంత్రం వాన పడుతోంది, నాన్న టీకి వెళ్లాడు. ఎగువన నీళ్లు పెరుగుతున్నాయి కదా, నేనే ఎత్తేస్తే మెచ్చుకుంటాడనుకుని మర తిప్పాను. బరువే గానీ కదిలింది. మర పళ్లు టకటకమంటుంటే, కింద నీళ్లు నురగలు కక్కుతూ దూకుతుంటే, నా అంతటివాడు లేడనిపించింది. చాలనుకుని దించబోయాను. దిగలేదు. గుర్రపుడెక్క కట్టగా వచ్చి కింద ఇరుక్కుంది, దాంట్లో ఏదో మొద్దు కూడా ఉన్నట్టుంది. వేలాడినా దిగలేదు. నాన్న పరిగెత్తుకొచ్చి, ఇంకో ఇద్దర్ని పిలిచి, గడలతో పొడిచి పొడిచి దించేసరికి చీకటి పడిపోయింది. దిగువన ఇద్దరు రైతుల ఆకుమడులు (వరి నారు పోసిన మడులు) మునిగాయి. నాన్న నన్ను కొట్టలేదు. "ఎత్తేముందు దిగువకి చూశావా?" అన్నాడు. మర్నాడు ఆ ఇద్దరి ఇళ్లకీ నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఒకాయన మజ్జిగ ఇచ్చాడు. అది తాగడం ఎంత కష్టమైందో చెప్పలేను.

మేష్టారు అశ్వత్థామ గురించి రాసింది చదివితే ఆ సాయంత్రం గుర్తొచ్చింది.

మావయ్యగారూ, నాకు అయిదు పేజీల మీద పేచీ లేదు, ఆ చివరి పేజీ మీదే. వరద "తగ్గించాడు" అన్నారు. ఆ నీళ్లు ఎక్కడికి పోయాయి? 2022లో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ 175 గేట్లున్నాయి. అన్ని గేట్లున్నా వరదని ఆపరు, ఎత్తి కిందకి వదిలేస్తారు. దాచుకునే చోటేది? మీవాడు వశిష్ఠ పాయలో తగ్గిస్తే గౌతమి పాయలో పెరగాలి. ఈ లంకలోంచి తోడితే ఎదుటి లంకలోకి పోవాలి. అక్కడా ఓ అరటితోట ఉంటుంది, అక్కడా ఓ దూడ కట్టేసి ఉంటుంది. చెంబులో నీళ్లు లేపితే బావి పొంగిందని ముందు పేజీల్లో మీవాడే రాశాడు. ఒకచోట లేస్తే ఇంకోచోట తేడా వస్తుందని వాడికి తెలుసు. చివరి పేజీకొచ్చేసరికి ఎందుకు మర్చిపోయాడు?

వేమగిరి కుర్రోడు:

అమ్మో. దూడ దగ్గర పడిపోయానండీ బాబూ. నా ఓటు వెనక్కి తీసుకోను గానీ కొంచెం ఊగుతోంది.

ఏటిగట్టు మావయ్య:

ఇదంతా మావాడికి చూపించాను. ముందు ముక్కు చిట్లించాడు. పూతరేకుగారు ట్యాంకు తీసెయ్యమన్నది ఒప్పుకున్నాడు, ట్యాంకు ఉత్త కామెడీ కోసమే పెట్టాడట. చెంబు సీను అడిగితే, "నవ్వించేలానే రాశాను, అదే తప్పేమో" అన్నాడు. స్పైడర్‌మ్యాన్ పదకొండు పేజీల సంగతి చదివి కాసేపు పొంగిపోయాడు. లాకుగారి పోస్టు రెండుసార్లు చదివి ఏమీ అనకుండా లోపలికి పోయాడు.

అన్నానికి పిలిస్తే రాలేదు. తొమ్మిదింటికి బయటికొచ్చి చూపించాడు. నేను కొయ్యమన్న అయిదు పేజీల్లో నాలుగు అలాగే ఉన్నాయి. చివరి పేజీ మాత్రం చింపేశాడు. ఇప్పుడు వాడి హీరో నీళ్లు తోసేశాక చీకట్లో ఎదుటి లంక నుంచి కేకలు వినిపిస్తాయి. చెయ్యి దించుతాడు. దిగవు. అక్కడ ఆగిపోయాడు, తర్వాతేంటో వాడికీ తెలియదట. కథ పదమూడు పేజీలైంది. తగ్గించమన్న పాపానికి పెంచాడు.

నేను చెప్పింది పూర్తిగా తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు, ఆ చెంబు పేజీ సాగుతోంది. కానీ వాడు నాతో మాట్లాడుతున్నాడు, అది చాలు. లాకుగారూ, ఒక సాయం కావాలి. షట్టరు దిగకపోతే చేతులకి ఎలా ఉంటుంది, చప్పుడెలా ఉంటుంది అని ప్రాణం తీస్తున్నాడు. వాడు లాకులు దూరం నుంచే చూశాడు. పోటీకి శుక్రవారం గడువు.

లాకు పక్కిల్లు:

గురువారం పొద్దున్నే తీసుకురండి, ఎండెక్కకముందే. షట్టరు ముట్టుకోనివ్వరు, పక్కన నిలబడి చూడొచ్చు. మంచి చొక్కా వేసుకు రావద్దనండి, మరకి రాసిన గ్రీజు అంటితే వదలదు. మా నాన్న ఇంట్లోనే ఉంటాడు. ఆ ఆకుమడుల సంగతి నాకన్నా ఆయన బాగా చెబుతాడు, నన్ను పక్కనే కూర్చోబెట్టి మరీ.